బెజవాడ స్టేషన్ వైఫై, నా కొత్త వీపీఎన్
ఆఫీసు ఫైళ్లు ఇకపై వీపీఎన్ (మన ఫోన్ నుంచి ఒక సర్వర్‌కు రహస్యంగా వెళ్లే దారి) ఉంటేనే తెరుచుకుంటాయన్నారు. సరేనని నిన్న ఫోన్ ముందేసుకుని కూర్చున్నాను. వాళ్లు పంపిన సూచనల్లో ఎల్‌టూటీపీ అనే పాత వీపీఎన్ రకాన్ని ఎంచుకోమని ఉంది. నా సెట్టింగ్స్‌లో ఆ పేరే లేదు! ఆండ్రాయిడ్ 12 నుంచి కొత్తగా అది పెట్టుకునే వీలు తీసేశారు. ఆ సూచనలు ఎప్పటివో మరి. ఫోన్ చేసి అడిగితే వైర్‌గార్డ్ అనే ఇంకో వీపీఎన్ రకానికి క్యూఆర్ కోడ్ పంపారు. దాని యాప్‌లో స్కాన్ చేసి ఆన్ చేయగానే పైన బుల్లి తాళంచెవి గుర్తు వచ్చింది.

అది చూసి మా బామ్మర్ది, "బావా, ఇక స్టేషన్‌లో ఫ్రీ వైఫై వాడినా టెన్షన్ లేదుగా?" అన్నాడు. కొంతవరకు నిజమే. ఆ వైఫై నడిపేవాళ్లకు మనం ఏ సైట్లు చూస్తున్నామో కనపడదు. కానీ వీపీఎన్ సర్వర్ నడిపేవాళ్లకు కనపడుతుంది, అంటే నమ్మకం చేతులు మారింది, అంతే. దొంగ లింకు నొక్కి ఓటీపీ చెప్పేస్తే ఏ వీపీఎనూ అడ్డురాదు. పైగా మన దేశంలో 2022లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడకందారుల వివరాలు ఐదేళ్లు దాచాలి. ఊరూపేరూ లేని ఉచిత యాప్‌లంటే నాకు అందుకే భయం. వాడు అప్పటికే అలాంటివి మూడు వేసుకున్నాడు, తీయించేశాను.