షార్జా గ్యారేజీలో నకిల్ మార్పు

ఫుట్‌పాత్‌కో రౌండబౌట్ గట్టుకో గుద్దుకున్న బండ్లు షార్జా ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీలకు వస్తూనే ఉంటాయి. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచి హెల్పర్‌గా వచ్చినవాళ్లకు ముందు టైర్లు, ఆయిల్ పనే ఇస్తారు. నకిల్ అంటే ముందు చక్రం బిగించే హబ్‌ను పట్టుకుని స్టీరింగ్‌తో పాటు తిరిగే లోహపు భాగం. దాని మార్పు పూర్తిగా చేతికొస్తే మెకానిక్ పనిలోకి వచ్చినట్టే.

యాక్సిడెంట్ బండి అయితే పానా పట్టకముందే పోలీస్ రిపోర్ట్ అడగండి. అది లేకుండా రిపేర్ చేస్తే ఇక్కడ గ్యారేజీకి జరిమానా పడుతుంది.

వంగింది నకిలేనా అన్నది ముందు తేల్చుకోవాలి. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం) తేడా రాగానే చాలామంది లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బండికి కలిపే చేయి) మార్చేస్తారు. అలైన్‌మెంట్ మెషీన్‌లో ఎస్‌ఏఐ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం వాలు) కూడా చూడండి. క్యాంబర్, ఎస్‌ఏఐ కలిపితే వచ్చే కోణం రెండు వైపులా ఒకటే అయితే లోపం ఆర్మ్‌లోనో క్రాస్ మెంబర్‌లోనో (ఆర్మ్‌లు బిగించే అడ్డ దూలం) ఉంది. ఆ మొత్తమే తేడాగా ఉంటే నకిల్ గానీ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) గానీ వంగింది. పై నట్టు వదులు చేసి స్ట్రట్ రాడ్ తిప్పినప్పుడు క్యాంబర్ మారితే రాడ్ వంకర. మారకపోతే ఎక్కువగా నకిలే. దాన్ని వేడిచేసి సాగదీయొద్దు. కంటికి కనబడని పగులు ఉండొచ్చు, అక్కడ విరిగితే చక్రం అదుపు తప్పుతుంది.

నకిల్ స్క్రాప్‌లో కొంటే హబ్, బేరింగ్‌తో సహా సెట్ తీసుకోండి. స్ట్రట్ బోల్టు రంధ్రాలు కోలగా సాగాయేమో, ఏబీఎస్ సెన్సర్ (బ్రేకుల కోసం చక్రం వేగం చూసేది) రంధ్రం ఉందో లేదో చూడండి.

టొయోటా కరోలాలో యాక్సిల్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) నట్టు తిరక్కుండా లోపలికి కొట్టిన మడతను ఉలితో ఎత్తి, చక్రం నేలమీద ఉండగానే 30 ఎంఎం సాకెట్‌తో వదులు చేయాలి. బండి స్టాండ్లమీద పెట్టాక బ్రేక్ క్యాలిపర్‌ను తీగతో కట్టండి, బ్రేక్ పైపుమీద వేలాడనీయొద్దు. ఏబీఎస్ సెన్సర్ ఇసుకకు, ఉప్పుగాలికి పట్టేసి ఉంటుంది. లాగితే విరుగుతుంది, ఆయిల్ కొట్టి మెల్లగా తిప్పి తీయాలి. టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ నకిల్‌కు కలిసే చోటు) పిన్ను తీసి నట్టు వదులు చేశాక సుత్తి దెబ్బ నకిల్ చెవిమీద పడాలి గానీ బోల్టు మరలమీద కాదు. నకిల్ తీసేటప్పుడు యాక్సిల్‌ను బయటికి గుంజితే లోపలి జాయింట్ ఊడుతుంది.

బేరింగ్ ప్రెస్ చేసే బండ్లలో నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రేస్‌మీదే (బేరింగ్ బయటి రింగ్) పడాలి. హబ్ ఎక్కించేటప్పుడు లోపలి రేస్‌కు ఆధారం పెట్టాలి. ఇది తప్పితే కొత్త బేరింగ్ కొద్దిరోజులకే మోత మొదలెడుతుంది. అయస్కాంతం సీలు ఉన్న బేరింగ్‌కు చిన్న పిన్ను అంటుకునే వైపు సెన్సర్ వైపుకు రావాలి, లేదంటే ఏబీఎస్ లైటు ఆరదు.

2009–13 కరోలాకు యాక్సిల్ నట్టు కొత్తదే వేసి 216 న్యూటన్ మీటర్లు, టై రాడ్ ఎండ్ 49, వీల్ నట్లు 103 బిగించాలి. ఇంపాక్ట్ గన్‌తో బిగించి సరిపెట్టొద్దు, టార్క్ పానా వాడండి. కస్టమర్ ఎంత తొందరపెట్టినా అలైన్‌మెంట్ చేయకుండా బండి ఇవ్వకండి. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) తేడా ఉంటే టైరు అంచు అరిగిపోయి బండి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.