సోనాపురం రేవులో లాబ్‌స్టర్ వల

సోనాపురం వెళ్ళేవాళ్ళు రైలు టిక్కెట్టు కంటే ముందు పంచాంగం చూసుకోవాలి. లాబ్‌స్టర్ (రాతి రొయ్య) పగలంతా రాళ్ళ సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాకే మేతకు బయటికొస్తుంది. వెన్నెల రాత్రుల్లో పెద్దగా కదలదు. అందుకే మేం జనవరి అమావాస్య చూసుకుని బయల్దేరాం. ఇచ్చాపురంలో దిగి ఆటో ఎక్కితే కాసేపటికే రాష్ట్రం మారి గంజాం జిల్లా వస్తుంది. బోర్డులు ఒడియాలోకి మారతాయి, రేవులో మాట మాత్రం తెలుగే.

మునిగి చేత్తో పట్టుకోవాలన్న సరదాతో వచ్చేవాళ్ళు దాన్ని ఒడ్డునే వదిలేయడం మంచిది. కాలిఫోర్నియాలో అలా పడతారు. అక్కడ నీళ్ళు చలికాలంలో 14 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి 7 మిల్లీమీటర్ల మందం సూటు వేసుకుని రాత్రిపూట టార్చితో దిగుతారు. కొక్కెం గానీ ఈటె గానీ వాడకూడదు, చేతులతోనే పట్టాలి. వీపు పెంకు మూడుంబావు అంగుళాలకు తగ్గితే అక్కడికక్కడే వదిలేయాలి, మనిషికి రోజుకి ఏడుకు మించకూడదు. ఇక్కడ జనవరిలో కూడా నీళ్ళు 25 డిగ్రీలకు అటూ ఇటూ, సూటు అక్కర్లేదు. చిక్కల్లా చూపు ఆనకపోవడమే. బాహుదా నది తెచ్చే బురద, కెరటం లేపే ఇసుక కలిసి టార్చి వెలుతురు మూరెడు దూరం కూడా పోదు. పైగా కెరటం మనిషిని ఎత్తి రాళ్ళ మీద పడేస్తుంది. ఈ తీరంలో లాబ్‌స్టర్‌కి వలే సాధనం.

వల ఎక్కడ వేయకూడదో ముందు తెలియాలి. ఋషికుల్య నది మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అందుకని ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగకు 20 కిలోమీటర్ల లోపు సముద్రంలో వేట నిషేధం. దేవి, ధామ్రా మొగల దగ్గరా అంతే. తాబేలు ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవి, అడుగు వలలో చిక్కుకుంటే పైకి రాలేక చచ్చిపోతుంది. సోనాపురం దక్షిణాన దూరంగా ఉంది కాబట్టి ఆ హద్దులోకి రాదు. అయినా తాబేలు వలలో పడితే తాడు కోసి వదిలేయాల్సిందే, వల నష్టం చూసుకోకూడదు.

మేమెక్కింది ఫైబర్ పడవ, బయటి ఇంజను. ఒడ్డు నుంచి నెట్టేటప్పుడు పెద్ద కెరటాలు వరసగా విరిగాక వచ్చే విరామం కోసం కాచుకుని, అందరూ ఒక్కసారే తోయాలి. ముక్కు పక్కకి తిరిగిందా, పడవ బోల్తానే. రాళ్ళున్న చోటు గుర్తుకి ఒడ్డు మీద రెండు జతలు చూస్తారు: కొండ కొన సరుగుడు తోట అంచుతో కలవాలి, మరో పక్క గుడి శిఖరం ఒక తాటిచెట్టుతో కలవాలి. రెండు గీతలూ కలిసిన చోట గుండు తాడు దించితే ఏడు బారల లోతు తగిలింది. గుండు మెత్తగా దిగితే బురద, టక్కున తగిలితే రాయి.

వలని రాళ్ళ మీద కాదు, రాళ్ళ అంచున వేయాలి. మీద వేస్తే తెల్లారి సగమే చేతికొస్తుంది. అడుగున సీసం గుండ్లు, పైన చిన్న బెండ్లు, మొత్తం ఎత్తు మనిషి నడుము దాకా. బిగించి కట్టకూడదు, వదులుగా ఉంటేనే కాళ్ళూ ముళ్ళూ చిక్కుకుంటాయి. నీటి వాలుకి అడ్డంగా వేస్తే వల చుట్టుకుపోయి తాడులా తయారవుతుంది, వాలు వెంటే వదలాలి. సాయంత్రం వేసి తెల్లారకముందే తీస్తారు. పడవ పెద్దాయన మాట: “ఎండెక్కేదాకా ఉంచితే పీతలూ పాములూ మనకంటే ముందే తినేత్తాయి బాబూ.” పాములంటే ఈల్ చేపలు.

తీసేటప్పుడు వల రాయికి పట్టేస్తే అదే వైపు గుంజితే చినుగుతుంది. పడవని తిప్పి అవతలి కొస నుంచి లాగాలి. చిక్కిన లాబ్‌స్టర్‌ని విడిపించడానికి దారమే కోయాలి గానీ కాలు విరవకూడదు. మీసం పట్టి లాగితే ఊడి చేతిలోకొస్తుంది, బతికున్న సరుకుకి మీసాలూ కాళ్ళూ పోతే ధర పడిపోతుంది. గ్లవ్ వేసుకుని వీపు పెంకు దగ్గర గట్టిగా పట్టుకోవాలి. వీటికి పీతలకున్నట్టు పెద్ద కొండీలుండవు, కోసేది తోక అంచే.

లాబ్‌స్టర్ రకాలను ఇక్కడ శాస్త్రీయనామాలతో చెబుతున్నాను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం పాలీఫేగస్ రకం: మాసిన ఆకుపచ్చ, తోక కణుపు కణుపుకీ సన్నటి తెల్ల గీత అడ్డంగా. నదీ మొగల బురదనీళ్ళు దానికి పడతాయి. హోమారస్ అయితే తోక నిండా సన్నటి తెల్ల చుక్కలు. ఆర్నేటస్ నీలం ఛాయలో, కాళ్ళకు పట్టీలతో ఉంటుంది. అయిదో జత కాళ్ళ చివర చిన్న చిమటాలుంటే ఆడది. తోక కింద నారింజ రంగు గుడ్ల గుత్తి కనిపిస్తే తూకం వేయకుండానే నీళ్ళలోకి. గుడ్లు ముదిరేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతాయి, అవీ వదిలేయాల్సినవే. ఒక్క తల్లి మోసే గుడ్లు లక్షల్లో ఉంటాయి.

తూకానికి 2003లో కేంద్ర వాణిజ్య శాఖ పెట్టిన నిబంధన ఉంది. పూర్తి లాబ్‌స్టర్‌ని ఎగుమతి చేయాలంటే హోమారస్ 200 గ్రాములు, పాలీఫేగస్ 300, ఆర్నేటస్ 500 గ్రాములకు తగ్గకూడదు. ఎగుమతి నిబంధన గనక ఊరి హోటలు వంటింటి దాకా అది రాదు. నూట యాభై గ్రాముల పిల్లలు అక్కడికి పోతాయి, నిబంధనకున్న అసలు కన్నం అదే.

ఒడ్డుకు చేర్చాక తడి గోనెసంచి కప్పి నీడలో పెట్టాలి. తడపడానికి సముద్రపు నీళ్ళే. కుళాయి నీళ్ళు పోసినా, కరిగిన ఐసు నీళ్ళు తగిలినా చచ్చిపోతాయి. బరంపురం పంపే పెట్టె థర్మోకోల్‌ది. అడుగున మూత బిగించిన ఐసు సీసాలు, వాటిమీద సముద్రపు నీళ్ళలో తడిపి పిండిన కాగితం మందంగా, పైన లాబ్‌స్టర్‌లు పొట్ట కిందికి వచ్చేలా ఒకే వరస. ఒక్కసారిగా చల్లబరిస్తే బిగుసుకుపోతాయి, మెల్లగా చల్లారనివ్వాలి. పెట్టేముందు ఒక్కోదాన్నీ ఎత్తి చూస్తారు: తోక టపటపా కొట్టుకుంటే పెట్టెలోకి, వేలాడితే వెంటనే తల వేరుచేసి ఐసులోకి. చచ్చినదాని తల అలాగే ఉంచితే కొద్ది గంటల్లోనే మాంసం పిండిలా మెత్తబడిపోతుంది. పెంకు నొక్కితే లోపలికి పోయేవి కొత్తగా కుబుసం విడిచినవి, ప్రయాణానికి ఆగవు. వాటిని ఆ పూటకి కూరకి ఉంచేస్తారు.