సంఘం సరే, దేనికి?

నిన్న ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తెలుగువాళ్ల సంఘం మీటింగ్. కుర్చీల అద్దె, ఉగాది భోజనాల్లో బొబ్బట్లా పులిహోరా అన్నదాని మీదే పొద్దంతా గడిచిపోయింది. (పులిహోర గెలిచింది, అది వేరే సంగతి.) ఇంతకీ సంఘం దేనికండీ అంటే ఒకరు గుడి అంటారు, ఒకరు హాలు, ఇంకొకరు సన్మానాలు. ప్రెసిడెంటు గారు అందరికీ తలూపుతారు. చందాలు వసూలవుతాయి, పని మాత్రం ఎక్కడిదక్కడే.

ఇదే ఊళ్లో గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేశారు. సవర గిరిజనులకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలన్నది ఆయన పట్టు. అందుకోసం ముందు తానే సవర నేర్చుకున్నారు, బడులు పెట్టారు, వాచకాలు రాశారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఏం కావాలో అంత స్పష్టంగా తెలిసిన మనిషి కుర్చీల అద్దె దగ్గర ఆగిపోడు.

మా పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే ఒడియా బోర్డులే చదువుతారు. అయిదేళ్లలో మన పిల్లలందరికీ తెలుగు చదవడం రావాలి, మిగతావన్నీ ఆ తర్వాతే అన్నాను. "మినిట్స్‌లో రాయమంటారా?" అన్నారు సెక్రటరీ గారు. మొదటి లైన్‌గా అదే రాయించాను. వచ్చే ఆదివారం మీటింగ్ దాని మీదే.