గుండెల మీద కూర్చున్నదెవరు?

మొదటిసారి డిగ్రీ పరీక్షల రోజుల్లో వచ్చింది. తెల్లవారుజామున మెలకువ వచ్చేసింది. ఫ్యాన్ తిరగడం కనిపిస్తోంది, పెరట్లో అమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. వేలు మాత్రం కదలదు. తలుపు పక్కన నల్లగా ఎవరో నిలబడి ఉన్నారు. మెల్లగా వచ్చి గుండెల మీద కూర్చున్నారు. "అమ్మా" అని అరుస్తున్నాను, గొంతు పెగలడం లేదు. ఎంతసేపో తెలీదు. చిటికెన వేలు కాస్త కదిలింది, అంతే, గదిలో ఎవరూ లేరు.

నానమ్మకి చెబితే, "వెల్లకిలా పడుకోవద్దే అంటే వింటావా? అది ఎక్కి కూర్చుంటుంది" అంది. దిండు కింద చాకు పెట్టింది, మెడలో తాయెత్తు కట్టించింది.

హైదరాబాద్‌లో అమెరికా షిఫ్టు ఉద్యోగం వచ్చాక వారానికి మూడుసార్లు మొదలైంది. పగలు కుర్చీలోనే కునుకు. మొదట చూపించుకున్న డాక్టరు రెండు నిమిషాల్లో "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని మాత్రలు రాసిచ్చి పంపేశాడు. నిద్ర జబ్బులు చూసే రెండో డాక్టరు మాత్రం గురక నుంచి మొదలుపెట్టి అన్నీ అడిగింది. పగలబడి నవ్వినప్పుడు మోకాళ్ళు సడలిపోతాయా అని కూడా. ఆ ప్రశ్నకే నవ్వొచ్చింది, మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అలా సడలడం, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కొలెప్సీ అనే జబ్బు లక్షణమట. "మీకు వచ్చేది స్లీప్ పెరాలసిస్, మెలకువ వచ్చినా ఒళ్ళు కదలకపోవడం. కానీ పగటి నిద్రకి కారణం తేల్చాలి" అని, ఆస్పత్రిలో పడుకోబెట్టి రాత్రంతా నిద్రని కొలిచే స్లీప్ స్టడీ రాసింది.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. టెక్నీషియన్ కుర్రాడు నా జుట్టు పాయలు పాయలుగా తీసి, కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, జిగురు లాంటి పేస్టుతో తీగలు అంటించాడు. తల మీద, కళ్ళ పక్కన, గడ్డం కింద, పిక్కల మీద. ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, వేలికి క్లిప్పు. లైటు ఆర్పాక స్పీకర్లోంచి గొంతు: "మేడమ్, తల కదపకుండా కళ్ళు ఎడమకి తిప్పండి. కుడికి. పళ్ళు బిగించండి. ఇప్పుడు గురక పెట్టండి." ఒంటరిగా చీకట్లో దొంగ గురక పెట్టడం నా జీవితంలో అదే మొదలు.

తెల్లారాక ఇంటికి పంపలేదు. రెండేసి గంటలకోసారి ఐదు కునుకులు. ఒక్కోసారి నిద్ర పట్టడానికి 20 నిమిషాలు గడువు. ఎంత త్వరగా పడుతుందో, నేరుగా కలల నిద్రలోకి జారుతున్నానో చూస్తారు. అసలు దొంగ మాత్రం అంత సరంజామా పెట్టినా రాలేదు.

రిపోర్టు వచ్చాక డాక్టరు నిద్ర దశలని కాగితం మీద మెట్లలా గీసి చూపించింది. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రని 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు ప్రపంచానికి చెప్పారు. ఆ నిద్రలో కనుగుడ్లు, ఊపిరి తీసే డయాఫ్రమ్ తప్ప ఒంటి కండరాలు దాదాపు అన్నీ చచ్చుబడతాయి, కలలో పరిగెడితే మంచం దిగి పరిగెత్తకుండా. ఫ్రాన్స్‌లో మిషెల్ జూవే అనే పరిశోధకుడు పిల్లుల మెదడు కాండంలో, అంటే మెదడు అడుగు భాగంలో, చిన్న భాగం పాడుచేస్తే, అవి నిద్రలోనే లేచి వేటాడాయట. నాకు దీనికి తిరగబడ్డ వ్యవహారం: ఎరుక వచ్చేస్తుంది, కండరాలకి వేసిన తాళం తియ్యరు, కల ఇంకా ఆగదు. ఛాతీ కండరాలు సాయం చేయవు, కావాలని ఊపిరి గట్టిగా తీసుకోలేం, అందుకే ఆ బరువు. నిజంగా ఊపిరి ఆగదు.

నార్కొలెప్సీ లేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ ఆప్నియా కొద్దిగా ఉంది, అదీ ఎక్కువగా వెల్లకిలా ఉన్నప్పుడే. స్లీప్ పెరాలసిస్ కూడా ఆ భంగిమలోనే ఎక్కువట. నానమ్మ మాట గుర్తొచ్చి పక్కున నవ్వాను, డాక్టరుకి కారణం చెప్పాల్సొచ్చింది. రాత్రి షిఫ్టు మానడానికి నాకు మరో ఎనిమిది నెలలు పట్టింది. పక్కకి తిరిగి పడుకోవడం ఆ రాత్రే మొదలైంది.

ఇప్పుడూ ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. మొన్న సంక్రాంతికి ఊళ్ళో, రెండు బస్సులు మారి అలిసిపోయి పడుకున్న రాత్రి వచ్చింది. భయం వేసింది, వెయ్యలేదంటే అబద్ధం. అరవడానికి పెనుగులాడలేదు. పొట్ట పైకీ కిందికీ కదలడం మీదే మనసు పెట్టి, కాలి వేలు కదపాలని చూశాను. కదిలింది. వెంటనే కళ్ళు మూస్తే నాకు మళ్ళీ వస్తుంది, అందుకని లేచి మొహం కడుక్కుని, కాసేపు అరుగు మీద కూర్చుని, అప్పుడు పక్కకి తిరిగి పడుకున్నాను.