మిద్దె మీద నుంచి విమానపు గీతలు లెక్కపెట్టాను

మా కావలిలో ఆకాశంలో తెల్లటి గీత కనబడితే పిల్లలు "రాకెట్టు!" అని అరుస్తారు. శ్రీహరికోట దగ్గరే కాబట్టి ఆ మాటే ముందొస్తుంది. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయికి అది విమానం వదిలిన గీత అని చెప్పాను. మరి కొన్ని గీతలు నిమిషంలో పోతాయి, కొన్ని అంతసేపు ఉంటాయేం అన్నాడు. నాకు తెలియలేదు. వెతగ్గా నాసా వాళ్ల గ్లోబ్ అబ్జర్వర్ యాప్ కనబడింది. అందులో మేఘాలతో పాటు ఈ గీతల్నీ మనలాంటివాళ్లు చూసి పంపొచ్చు.

యాప్ దించుకుని ఈమెయిల్‌తో ఖాతా తెరవడం పది నిమిషాల పని. లొకేషన్‌కి అనుమతి ఇవ్వాలి. ఆ తర్వాత వరసగా ప్రశ్నలు: ఆకాశం రంగేంటి, మబ్బు ఎంత భాగం కమ్మింది, నేల పొడిగా ఉందా, చెట్లకి ఆకులున్నాయా, మంచు పడిందా. చివర్లో ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర, పైకి, కిందికి, మొత్తం ఆరు ఫోటోలు. మనుషుల ముఖాలు పడకూడదు. సూర్యుడికేసి నేరుగా చూడకూడదు.

మొదటిరోజే చిక్కొచ్చింది. పడమటివైపు ఫోను ఎత్తగానే పక్కింటి పెద్దావిడ, "ఏమ్మా, మా ఇంటి ఫోటోలు దేనికి తీస్తా ఉండావు?" అని గట్టిగానే అడిగింది. ఆమె అడగడంలో తప్పు లేదు. వెళ్లి ఫోను చేతికిచ్చి చూపించాను. అప్పట్నుంచి నీళ్ల ట్యాంకు మెట్టెక్కి, ఇళ్లు తక్కువ పడేట్టు తీస్తున్నాను.

నాకు కష్టమనిపించింది గీతల్ని రకాలుగా విడదీయడం. యాప్ మూడు రకాలు అడుగుతుంది. విమానం వెనకాలే తోకలా సాగి వెంటనే మాయమయ్యేది ఒకటి. విమానం వెళ్లిపోయాకా సన్నగానే నిలిచేది ఇంకొకటి. నిలిచి, వెడల్పై, ఏకిన దూదిలా పరుచుకునేది మూడోది. ఒక్కో రకం ఎన్నున్నాయో లెక్క చెప్పాలి. మొదట్లో చూడగానే నొక్కేసేదాన్ని. జనవరిలో ఒక ఉదయం సన్నటిదని పంపిన గీత, నేను ఇడ్లీ దించి పైకొచ్చేసరికి అరచేయంత వెడల్పైంది. ఆ లెక్క అప్పటికి సరైనదే. అయినా మనసొప్పక, ఉన్నది ఉన్నట్టు రెండోసారి పంపాను.

మా అబ్బాయి ప్రశ్నకి జవాబు మా అత్తయ్య వడియాల దగ్గర దొరికింది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున చలి మైనస్ 40 డిగ్రీల దాకా, ఇంకా కిందికీ పోతుంది. ఇంజను వదిలే నీటి ఆవిరి, దాంతోపాటే వచ్చే మసి రేణువుల్ని పట్టుకుని మంచు పలుకులవుతుంది. చుట్టూ గాలి పొడిగా ఉంటే ఆ పలుకులు ఇట్టే ఆవిరైపోతాయి. చెమ్మగా ఉంటే నిలిచి పెరుగుతాయి. "ముసురు పట్టినప్పుడు వడియాలు ఆరవు గదా, అదేగా!" అంది అత్తయ్య. అదే. మావాడికి నేనింకేమీ విడమర్చాల్సిన పని లేకపోయింది.

శాస్త్రవేత్తలకి మన లెక్కెందుకంటే, పరుచుకున్న గీతలు భూమి నుంచి పైకి పోయే వేడిని పట్టి ఉంచుతాయి. అప్పుడే పుట్టిన సన్నటి గీత ఉపగ్రహానికి చిక్కకపోవచ్చు. బాగా పరుచుకున్నాక అది గీతో మామూలు పింజమబ్బో పైనుంచి తేల్చడం కష్టం. కింద నిలబడ్డవాళ్లకి అది పుట్టడం తెలుసు. ఉపగ్రహం మన మీదుగా పోయే వేళకి అటూ ఇటూ పావుగంటలో పంపితే మరీ ఉపయోగం. ఆ వేళ యాప్ చెబుతుంది.

గీతల్లేని రోజు పంపక్కర్లేదనుకుని కొన్ని వారాలు వదిలేశాను. అది పొరపాటు. ఆకాశం ఖాళీగా ఉందన్నదీ వాళ్లకి కావలసిన సమాచారమే. ఇప్పుడు సున్నా అయినా పంపుతున్నాను.

మన పరిశీలన ఉపగ్రహంతో కలిస్తే, రెండూ పక్కపక్కన పెట్టిన పట్టిక మెయిల్లో వస్తుంది. అందులో వేళ మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. మొదటిసారి అది తెలియక, తెల్లారి నేను చూసింది కాదేమోనని కంగారుపడ్డాను. కలిపి లెక్కేస్తే ఆరోజు బట్టలు ఆరేసిన వేళే. నేను రెండు సన్నటి గీతలు రాశాను. ఉపగ్రహం వరసలో పైమబ్బు ఏమీ లేదు.

అత్తయ్యకి చదివి వినిపించాను. "అయితే మనం పంపకపోతే ఆ రెండూ లేనట్టేనా?" అంది. మర్నాడు వడియాల గుడ్డ పరుస్తూ, మూడు పోయినాయమ్మాయ్, ఫోను తీసుకురా అని పైనుంచి కేకేసింది.