మా బెల్లాన్ని జర్మనీ తీసుకెళ్ళడానికి పట్టిన అయిదు నెలలు

మా ఆయనకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో జాబ్ ఖాయమైందని చెప్పగానే ఇంట్లో అందరూ అడిగింది "మరి బెల్లం?" అనే. బెల్లం అంటే మా కుక్క, ఆరేళ్ళ క్రితం వానాకాలంలో మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆటో కింద దొరికింది, బ్రీడూ గీడూ ఏం లేదు, వీధి కుక్కే, 19 కిలోలు, రంగు చూసి మా బాబు పెట్టిన పేరు. మా అత్తమ్మ అయితే "ఈడ్నే ఇడిసి పోండ్రి, మేం సూసుకుంటం" అంది గానీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, రోజూ రెండు పూటలా దాన్ని మూడంతస్తులు దింపి ఎక్కించడం ఎక్కడవుతుంది చెప్పండి. తీసుకెళ్ళడమే అని డిసైడ్ అయిపోయాం.

అప్పటికి నాకు తెలిసిందల్లా వ్యాక్సిన్ బుక్ ఉంది కదా, టికెట్ కొంటే అయిపోద్ది అని. మే నెలాఖర్లో కాలనీ క్లినిక్‌కి తీసుకెళ్తే అక్కడి డాక్టర్ మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే, గుర్తింపు నంబరుండే చిన్న చిప్) వేసేసి, ఫిబ్రవరిలో వేసిన రేబిస్ సూది చెల్లుతుంది, ఇక బ్లడ్ టెస్ట్ చేయించుకుంటే చాలు అన్నాడు. మేం హాయిగా ఇంటికొచ్చి బిర్యానీ తెప్పించుకున్నాం కూడా. రెండు వారాల తర్వాత ఇంకో డాక్టరమ్మ ఆ బుక్ తిరగేసి "చిప్ ఎప్పుడేశారు? సూది ఎప్పుడు?" అని అడిగి తల అడ్డంగా ఊపింది. చిప్ కంటే ముందు వేసిన రేబిస్ వ్యాక్సిన్‌ని యూరప్ వాళ్ళు లెక్కలోకి తీసుకోరంట. ఆలోచిస్తే నిజమే, చిప్ లేనప్పుడు ఆ సూది ఈ కుక్కకే వేశారని గ్యారంటీ ఏంటి. అలా జూన్ 14న మళ్ళీ సూది, మళ్ళీ ఒకటి నుంచి లెక్క.

ఆ లెక్కే అందర్నీ ముంచేది, కాబట్టి కాస్త వివరంగా చెప్తా. రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ దగ్గర దేశాల లిస్టులున్నాయి, వాటిలో ఉన్న దేశాల నుంచి వచ్చే కుక్కలకి రక్త పరీక్ష అక్కర్లేదు, మన దేశం ఆ లిస్టుల్లో లేదు. అందుకని చిప్ అయ్యాక సూది, సూది వేశాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయాలి, ఆ సీరం వాళ్ళు ఆమోదించిన ల్యాబ్‌కే వెళ్ళాలి, మాది జర్మనీలో ల్యాబ్‌కి పంపారు. రేబిస్‌ని ఎదుర్కొనే యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్లు) లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. సరే పాసైంది అనుకోండి, అయినా వెంటనే వెళ్ళనివ్వరు, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్ట్ వచ్చిన రోజు నుంచి కాదు, తీసిన రోజు నుంచి. మాకు జూలై 16న తీశారు, అంటే అక్టోబర్ 16 దాకా గేటు మూసే ఉంది. మా ఆయన జాయినింగేమో ఆగస్టు మొదటి వారం! వీసా స్టాంపింగ్ కోసం నిద్రలు మానుకున్నాం గానీ అసలు ఆలస్యం చేసింది చిప్పు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి, రేబిస్ బూస్టర్ గడువు దాటకుండా వేయిస్తూ ఉంటే ఈ బ్లడ్ టెస్ట్ మళ్ళీ చేయించక్కర్లేదు. కాబట్టి వెళ్ళే ఆలోచన అయినా సరే ఉన్నవాళ్ళు ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూడకుండా చిప్, సూది, టెస్ట్ చేయించి పక్కన పెట్టుకోవచ్చు. మేం అలా చేసుంటే ఆయన అక్కడ మూడు నెలలు ఒంటరిగా మ్యాగీ తినాల్సొచ్చేది కాదు.

రక్తం తీసిన రోజు ఇంకోటి జరిగింది. స్కానర్ మెడ మీద పెట్టగానే 15 అంకెలు వస్తాయి, నర్సు చదువుతుంటే అసిస్టెంట్ కుర్రాడు ఫారంలో రాస్తున్నాడు, బెల్లం గింజుకుంటోంది, అందరం కంగారులో ఉన్నాం. బయటికొచ్చాక ఎందుకో అనుమానమొచ్చి వ్యాక్సిన్ బుక్‌తో పోల్చి చూస్తే చివర్లో 47 ఉండాల్సిన చోట 74 ఉంది. వెనక్కి పరిగెత్తి దిద్దించా. చూసుకోకపోయుంటే ఆ రిపోర్ట్ వేరే ఏదో కుక్కది అయ్యేది, మూడు నెలలు గంగలో కలిసేవి. ఆ తర్వాత ప్రతి కాగితం మీదా ఆ నంబర్ నేనే వేలు పెట్టి ఒక్కో అంకే చదివేదాన్ని, మా బాబుకి ఇప్పటికీ బట్టీ వచ్చు.

ఆగిన మూడు నెలల్లో పెద్ద పని క్రేట్, అంటే కుక్కని ఉంచి విమానంలో పంపే పెట్టె. ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఐఏటీఏ (అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం) రూల్స్ చూస్తారు, లోపల కుక్క మామూలుగా నిలబడాలి, తిరగాలి, పడుకోవాలి. పొడవుకి ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి నేల నుంచి మోచేయి ఎత్తులో సగం కలపాలి. ఎత్తు మాత్రం నేను తల దాకా కొలిచి ఆర్డర్ పెట్టేశా. వీధి కుక్కల చెవులు తెలుసుగా, నిక్కబొడుచుకుని ఉంటాయి, కొలవాల్సింది ఆ చెవుల కొన దాకా! వచ్చిన క్రేట్‌లో నిలబడితే చెవులు రెండూ పైకప్పుకి తగిలి వంగిపోయాయి, బాబు నవ్వు ఆపుకోలేకపోయాడు, నాకేమో రిటర్న్ ఛార్జీలు కళ్ళ ముందు తిరిగాయి. పెద్దది వచ్చాక తలుపు తీసి హాల్లో పెట్టి రోజూ అన్నం అందులోనే పెట్టాం. మొదటి వారం మెడ మాత్రం లోపల పెట్టి తిని పారిపోయేది, దసరా నాటికి మధ్యాహ్నం నిద్ర కూడా అందులోనే.

పై ఫ్లోర్ ఆంటీ "నిద్రమాత్ర వేసెయ్యమ్మా, తెలియకుండా దిగిపోద్ది" అంది. డాక్టరమ్మ మాత్రం అస్సలొద్దంది, మత్తులో ఊపిరి, బీపీ తేడా వస్తే పైన చూసేవాడెవడూ ఉండడు, కుదుపులకి బ్యాలెన్స్ కూడా ఆపుకోలేదు అని. మత్తిచ్చిన కుక్కని చాలా ఎయిర్‌లైన్స్ అసలు ఎక్కించుకోవు కూడా.

ఆఖరి వారం పని ఏక్యూసీఎస్‌ది, అంటే యానిమల్ క్వారంటైన్ ఆఫీసు, అదృష్టం కొద్దీ హైదరాబాద్‌లోనే ఉంది, దేశం మొత్తం మీద ఇలాంటివి ఆరే. యూరప్ హెల్త్ సర్టిఫికెట్ మీద గవర్నమెంట్ వెట్ (పశువుల డాక్టర్) సంతకం, స్టాంప్ పడ్డాక పది రోజుల్లోపు అక్కడ దిగాలి. ఆ ఫారం దిగే దేశం భాషలోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి, నేను ఉత్త ఇంగ్లీషుది ప్రింట్ తీసుకెళ్ళా, దారిలోనే మా కార్గో ఏజెంట్ ఫోన్ చేసి చెప్తే శంషాబాద్‌లో జిరాక్స్ షాపు వెతుక్కుని జర్మన్ ఉన్నది మళ్ళీ తీయించాం. ఇంకోటి, యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ అయిదు రోజులకి మించి తేడా ఉండకూడదు, ఉంటే వ్యాపారం కింద లెక్కేస్తారు. మా ఆయన ఎప్పుడో వెళ్ళిపోయారు కాబట్టి కాగితాలన్నీ నా పేరు మీద పెట్టాం. నట్టల మందు గురించి కూడా చాలామంది భయపెట్టారు, అది ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వే, బ్రిటన్ వెళ్ళేవాళ్ళకి, జర్మనీకి అడగరు.

అక్టోబర్ 27 రాత్రి ఫ్లైట్. క్రేట్ తలుపుకి బిగించే గిన్నెలో నీళ్ళు పోసి ముందు రోజే ఫ్రీజర్‌లో గడ్డ కట్టించా, ఎత్తి దించేటప్పుడు ఒలకవు, మెల్లగా కరిగి తాగడానికి పనికొస్తాయి. కింద మామయ్య పాత లుంగీ, ఉతకనిది, వాసన కోసం. కార్గోలో క్రేట్ చెక్ చెయ్యాలని దాన్ని బయటికి తీయమన్నారు, తీస్తే మామయ్య కాళ్ళ మధ్య దూరి మళ్ళీ లోపలికి పోనంటుంది. ఆయన ఏం మాట్లాడకుండా ఆ లుంగీ క్రేట్ లోపలికి విసిరారు, అది వెనకే వెళ్ళింది. ఆయన కారు దగ్గరికెళ్ళిపోయి అటు తిరిగి నిలబడ్డారు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్గోలో వచ్చే జంతువుల కోసం యానిమల్ లౌంజ్ అని ఉంది, అక్కడ వెట్ చిప్ స్కాన్ చేసి కాగితాలతో పోల్చి, కస్టమ్స్ పని అయ్యేసరికి మాకు నాలుగు గంటలు పట్టింది. వచ్చింది, బయట గడ్డి మీద ఒక నిమిషం పాటు ఆపకుండా పోసింది, తర్వాత మా ఆయన్ని గుర్తుపట్టి ఆ అరుపు! లుంగీ మూలనొకచోట కొరికి పెట్టింది, అంతే.

మొన్న మున్సిపాలిటీ నుంచి కాగితం వచ్చింది, ఇక్కడ కుక్కకి ఏటా పన్ను కట్టాలి. వీడియో కాల్‌లో చెప్తే మామయ్య "కుక్కకి పన్నా? దాని పేరు మీదనే బిల్లొస్తదా?" అని రెండుసార్లు అడిగారు.