మన పేరుతో మెయిల్ పంపేదెవరు?

మంగళవారం.

మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే మా డొమైన్ పేరుతో వచ్చింది నిజంగా మాదేనా అని చూసే పద్ధతి డీమార్క్. ఆఫీసుకి రాగానే మొదటి పని దాని రిపోర్టులు చూడటం. గూగుల్, యాహూ లాంటి పెద్ద మెయిల్ సర్వీసులు రోజుకోసారి పంపిస్తాయి. మా డొమైన్ పేరు పెట్టుకుని ఏ ఐపీ అడ్రస్ నుంచి ఎన్ని మెయిళ్లొచ్చాయి, వాటిలో ఎస్‌పీఎఫ్ (పంపిన సర్వర్‌కి అనుమతి ఉందా అన్న చెక్) ఎన్ని పాసయ్యాయి, డీకిమ్ (మెయిల్ మీది డిజిటల్ సంతకం సరైనదేనా అన్న చెక్) ఎన్ని పాసయ్యాయి, అంతే. మెయిల్లో ఏం రాశారో అందులో ఉండదు. అంతా ఎక్స్‌ఎంఎల్, నేరుగా చదివితే కళ్లు తిరుగుతాయి. ఒక చిన్న టూల్లో పడేసి పట్టికలా చూసుకుంటాను.

మా పాలసీని నన్ నుంచి క్వారంటైన్‌కి మార్చాలన్న మాట ఎప్పట్నుంచో నడుస్తోంది. నన్ అంటే చెకింగ్‌లో తప్పిన మెయిల్ని కూడా ఆపమని అడగం, లెక్క మాత్రం చెప్పమంటాం. క్వారంటైన్ అంటే అలాంటివాటిని స్పామ్‌లో వెయ్యమంటాం. జీమెయిల్‌కి రోజుకు 5,000, ఆపైన మెయిళ్లు పంపేవాళ్లకి 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ డీమార్క్ తప్పనిసరి చేసింది. నన్ పెట్టినా చాలంది. దాంతో నన్ పెట్టేసి చేతులు దులుపుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. రూల్‌కి అది సరిపోతుంది. మోసగాడికీ సరిపోతుంది.

ఇవాళ పట్టికలో ఒక వరుస దగ్గర ఆగిపోయాను. ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, కానీ డీమార్క్ ఫెయిల్. ఐపీ ఎవరిదో వెతికితే ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీది. అకౌంట్స్ మేడమ్‌ని అడిగాను.

"అవునండీ, ఇన్‌వాయిస్‌లు ఇప్పుడు అందులోంచే వెళ్తున్నాయి. అడ్రస్ మనదే పెట్టాను. పెట్టకూడదా?"

పెట్టొచ్చు, తప్పేం లేదు. నాకు తెలియకపోవడమే ఇబ్బంది. నిన్ననే పాలసీ మార్చి ఉంటే ఆ ఇన్‌వాయిస్‌లన్నీ కస్టమర్ల స్పామ్‌లో పడుండేవి.

రెండూ పాసై మూడోది ఎందుకు ఫెయిలైందో ఆవిడకి ఇలా చెప్పాను. ఈమెయిల్ కూడా ఉత్తరంలాంటిదే. కవరు మీద ఒక పేరుంటుంది, లోపల "ఇట్లు" కింద ఒక పేరుంటుంది. ఆ రెండూ ఒకటే కావాలని 1982 నాటి ఎస్‌ఎమ్‌టీపీ (సర్వర్లు మెయిళ్లు పంపుకునే పద్ధతి) అడగలేదు, ఇప్పటికీ అడగదు. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది పేరు. డీకిమ్ చూసేది సంతకం, అది ఏ డొమైన్ సంతకమైనా సరే. చదివేవాళ్లకి కనిపించే పేరుతో వీటిలో కనీసం ఒక్కటైనా కలిసిందా అని చూసేది డీమార్క్. ఇక్కడ కవరూ సంతకమూ సాఫ్ట్‌వేర్ కంపెనీవి, కనిపించే పేరు మాది.

వాళ్ల సపోర్ట్‌కి రాస్తే, మీ ఎస్‌పీఎఫ్‌లో మా ఇన్‌క్లూడ్ (వాళ్ల సర్వర్లకీ అనుమతిచ్చే మాట) చేర్చండి అని జవాబు. ఎక్కడైనా ఇదే మంత్రం. కవరు మీద వాళ్ల డొమైనే ఉన్నప్పుడు మా ఎస్‌పీఎఫ్‌ని ఎవరు చూస్తారు? పైగా ఎస్‌పీఎఫ్‌కి 10 డీఎన్‌ఎస్ లుకప్‌ల (డొమైన్ల రికార్డులుండే చోట వెతుకులాటల) హద్దుంది. అడిగినవాళ్లందరి ఇన్‌క్లూడ్‌లూ చేర్చుకుంటూ పోతే అది దాటి మొత్తం రికార్డే చెల్లకుండా పోతుంది. మళ్లీ రాశాను: మా డొమైన్‌తో డీకిమ్ సంతకం పెట్టే ఏర్పాటు ఉందా? ఉందట. సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున. వాళ్లిచ్చిన రెండు సీనేమ్ రికార్డులు (ఈ పేరుకి ఫలానా చోట చూడండి అని చెప్పేవి) డీఎన్‌ఎస్‌లో పెట్టి, మేడమ్ చేత నా జీమెయిల్‌కి ఒక ఇన్‌వాయిస్ పంపించుకున్నాను. హెడర్లో డీకిమ్ మా పేరుతో పాస్, డీమార్క్ పాస్.

మిగతా ఫెయిల్ వరుసల్లో కొన్ని ఫార్వర్డ్ అయినవి. మధ్యలో సర్వర్ మారితే ఎస్‌పీఎఫ్ పోతుంది, మెయిల్లో ఏమీ మార్చకపోతే డీకిమ్ నిలుస్తుంది. అందుకే నాకు డీకిమ్ మీదే నమ్మకం. ఇంకొన్ని రెండిటిలోనూ ఫెయిల్. వాటితో మాకు ఏ సంబంధమూ లేదు. క్వారంటైన్ అవి పంపేవాళ్ల కోసమే.

మధ్యాహ్నం సార్ అడిగారు, "ఇది పెట్టేస్తే ఇంక మన పేరుతో ఎవరూ మోసం చెయ్యలేరు కదా?"

"మన డొమైన్ పెట్టుకుని చెయ్యడం కష్టమవుతుంది సార్. ఒక అక్షరం మార్చి ఇంకో డొమైన్ కొనుక్కుంటే దీనికి సంబంధం లేదు. మనవాళ్ల పాస్‌వర్డే కొట్టేసి పంపితే అన్నీ పాసవుతాయి."

ఆయన మొహం కాస్త చిన్నబోయింది. బ్యాంకు ఖాతా మారిందని మెయిలొస్తే, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే అన్నాను. మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదు. అకౌంట్స్‌లో అందరికీ చెప్పమన్నారు, చెప్పాను.

ఎప్పుడో కొని వాడకుండా వదిలేసిన డొమైన్ ఒకటుంది. దాన్నుంచి మెయిలే వెళ్లదు కాబట్టి ఆలోచించే పని లేదు. ఎస్‌పీఎఫ్‌లో ఒక్క మైనస్ ఆల్ (ఏ సర్వర్‌కీ అనుమతి లేదని), డీమార్క్‌లో రిజెక్ట్ (అసలు తీసుకోవద్దని) పెట్టేశాను.

అసలు డొమైన్‌ని మాత్రం ఇవాళ కదపలేదు. కొత్త సంతకం రిపోర్టుల్లో కొన్నాళ్లు వరసగా కనబడాలి. ఈలోగా ఆఫీస్ గ్రూపులో అడిగాను: మన అడ్రస్‌తో మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ ఇంకేమైనా ఎవరైనా వాడుతున్నారా? సాయంత్రానికి హెచ్‌ఆర్ నుంచి ఇంటర్వ్యూ పిలుపులు పంపేది ఒకటి, సేల్స్ నుంచి ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంపేది ఒకటి తేలాయి. రెండోది మూడు నెలలకోసారే వెళ్తుందట, అందుకే నేను చూసిన ఏ రిపోర్టులోనూ లేదు.